క్రిప్టో మైనింగ్‌పై నిషేధం: పాచిక ఎక్కడ పారింది, ఎక్కడ పారలేదు

2021 జూన్ 18న చైనాలోని సిచువాన్ ప్రావిన్స్ అధికారులు 26 క్రిప్టో మైనింగ్ కేంద్రాలకు రెండు రోజుల గడువిచ్చారు. 20వ తేదీకల్లా వాటికి కరెంటు ఆపేయాలని విద్యుత్ సంస్థలను ఆదేశించారు. అంతకు నెల ముందే, మే 21న, ఉపప్రధాని లియు హ నాయకత్వంలోని ఆర్థిక స్థిరత్వ సంఘం బిట్‌కాయిన్ మైనింగ్‌ను అణచివేస్తామని ప్రకటించింది. బొగ్గు కరెంటు మీద నడిచే ఇన్నర్ మంగోలియా అప్పటికే తలుపులు మూసుకుంది. సిచువాన్ సంగతి వేరు. వానాకాలంలో అక్కడ జలవిద్యుత్తు వాడేవాళ్లు లేక మిగిలిపోతుంది. ఏటా వర్షాలు మొదలవగానే ఉత్తరాది షెడ్లలోని యంత్రాలు లారీలెక్కి అక్కడికి చేరేవి. ఆ చోటు కూడా మూతపడేసరికి చైనాలో మైనింగ్ పని అయిపోయిందని ప్రపంచమంతా అనుకుంది.

లెక్కలు కూడా ఆ మాటే చెప్పాయి. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనాలో 2019 సెప్టెంబరులో ప్రపంచ బిట్‌కాయిన్ మైనింగ్‌లో నాలుగింట మూడు వంతులు చైనాదే. 2021 వసంతానికి అది సగం కంటే కొంచెం తగ్గింది. అదే ఏడాది జులై, ఆగస్టు నెలల్లో సున్నాగా నమోదైంది. ఒక ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో చూపడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ లేదు.

అయితే 2022 జనవరికి అదే పరిశోధకుల పట్టికలో చైనా వాటా 21 శాతంగా తేలింది. అమెరికా తర్వాత రెండో స్థానం. చట్టం మారలేదు, నిషేధం సడలలేదు. పైగా 2021 సెప్టెంబరులో కేంద్ర బ్యాంకుతో సహా పది ప్రభుత్వ విభాగాలు కలిసి క్రిప్టో లావాదేవీలన్నీ చట్టవిరుద్ధమని మరోసారి చాటాయి. మైనింగ్ చేసేవాళ్లు కొన్నాళ్లు తమ ఇంటర్నెట్ చిరునామాలను దాచుకున్నారని, దాడుల వేడి తగ్గాక ఆ జాగ్రత్త కూడా సడలించారని కేంబ్రిడ్జ్ బృందమే అభిప్రాయపడింది. ఆ సున్నా ఎప్పుడూ పూర్తి సున్నా కాదన్నమాట.

ప్రభుత్వాలు మైనింగ్‌ను నిషేధించగలవా అన్న చర్చ ఈ రెండు అంకెల మధ్యే తిరుగుతోంది. సున్నాను పట్టుకున్నవాళ్లు నిషేధం పనిచేస్తుందంటారు. 21ని పట్టుకున్నవాళ్లు అది వృథా ప్రయాస అంటారు. గత ఏడెనిమిదేళ్లలో డజనుకు పైగా దేశాలు, రాష్ట్రాలు, పట్టణాలు ఈ ప్రయోగం చేశాయి. వాటన్నిటినీ వరసగా చూస్తే ఇద్దరి వాదనా సగమే నిజమని తెలుస్తుంది. నిషేధం దేన్ని ఆపాలని పెట్టారన్నదే అసలు ప్రశ్న.

ముందు మైనింగ్‌లో జరిగేదేమిటో చూడాలి. బిట్‌కాయిన్ ఖాతాపుస్తకంలో కొత్త పేజీ చేర్చే హక్కు కోసం ప్రపంచమంతటా యంత్రాలు ఒక అంకెను వెతుకుతుంటాయి. తెలివితో దాన్ని కనిపెట్టే దారి లేదు. ఊహిస్తూ పోవాలి. బిట్‌మెయిన్ కంపెనీ తయారుచేసిన యాంట్‌మైనర్ ఎస్19 ప్రో అనే యంత్రం సెకనుకు 110 లక్షల కోట్ల సార్లు ఊహిస్తుంది. అందుకు 3,250 వాట్ల కరెంటు తాగుతుంది. రోజుకు 78 యూనిట్లు, నెలకు 2,300 యూనిట్లకు పైనే. ఒక మధ్యతరగతి ఇల్లు ఏడాది పొడవునా వాడేంత కరెంటును ఈ యంత్రం నెలలో మింగేస్తుంది. అంకె ముందుగా దొరికినవాళ్లకు కొత్త కాయిన్లు వస్తాయి. 2024 ఏప్రిల్ నుంచి ఆ బహుమతి 3.125 కాయిన్లు.

ఈ ఏర్పాటులో ఒక కీలకమైన నియమం ఉంది. యంత్రాలు ఎన్ని ఉన్నా సగటున పది నిమిషాలకు ఒక పేజీ మాత్రమే చేరాలి. అందుకని ప్రతి 2,016 పేజీలకు, అంటే సుమారు రెండు వారాలకోసారి, లెక్క ఎంత కష్టంగా ఉండాలో వ్యవస్థ తనంతట తానే సర్దుకుంటుంది. చైనా యంత్రాలు ఆగిపోయాక, 2021 జులై 3న ఆ కష్టం ఒక్కసారిగా 28 శాతం తగ్గింది. బిట్‌కాయిన్ చరిత్రలో అంత పెద్ద తగ్గుదల మరొకటి లేదు. ఫలితంగా మిగతా దేశాల్లో నడుస్తున్న యంత్రాలకు అదే కరెంటు ఖర్చుతో ఎక్కువ కాయిన్లు రాసాగాయి. ఒక దేశంలో పెట్టిన నిషేధం పక్క దేశంలోని మైనింగ్ వ్యాపారికి లాభమై కూర్చుంది. నిషేధాన్ని ప్రపంచవ్యాప్త పరిష్కారంగా చూసేవాళ్లు ముందుగా సమాధానం చెప్పాల్సింది ఈ నియమానికే.

యంత్రాలు ఓడలెక్కాయి. అమెరికా వాటా 2019లో 4 శాతం దగ్గర ఉండేది. 2021 ఆగస్టుకు 35 శాతమైంది. కజకిస్తాన్ వాటా 18 శాతానికి ఎగబాకింది. ఆ ఏడాది చివరికల్లా ప్రపంచ మైనింగ్ సామర్థ్యం నిషేధానికి ముందున్న స్థాయికి చేరిపోయింది.

పర్యావరణానికైనా మేలు జరిగిందా? 2022 ఫిబ్రవరిలో జూల్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన అధ్యయనం జరగలేదనే చెప్పింది. చైనా నుంచి వెళ్లిపోయాక బిట్‌కాయిన్ మైనింగ్‌లో పునరుత్పాదక విద్యుత్ వాటా సుమారు 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయిందని ఆ పరిశోధకులు లెక్కగట్టారు. సిచువాన్ నీటి కరెంటు పోయి కజకిస్తాన్ బొగ్గు, అమెరికా గ్యాస్ వచ్చి చేరాయి. కర్బన ఉద్గారాలు తగ్గించడం చైనా చెప్పిన కారణాల్లో ఒకటి. తన గడ్డ మీద తగ్గించుకుంది, ప్రపంచం మీద పెంచింది.

కజకిస్తాన్ కథ మరీ బాధాకరం. చౌక బొగ్గు కరెంటు ఆశచూపి వాళ్లే అతిథుల్ని పిలిచారు. 2021 శరదృతువుకే విద్యుత్ కొరత మొదలైంది. 2022 జనవరిలో గ్యాస్ ధరల మీద చెలరేగిన ఆందోళనల్లో ప్రభుత్వం ఇంటర్నెట్ ఆపేస్తే ప్రపంచ మైనింగ్ సామర్థ్యంలో పదో వంతుకు పైగా ఒక్క పూటలో మాయమైంది. ఆ నెల 25న కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, ఉజ్బెకిస్తాన్ మూడూ కలిసి చీకట్లో మునిగాయి. గ్రిడ్ సంస్థ నెలాఖరు వరకు మైనింగ్ కేంద్రాలకు సరఫరా ఆపేసింది. ఆరు నెలల ముందు స్వాగతం పలికిన దేశమే తర్వాత అదనపు రుసుములు, లైసెన్సులు, కోటాలంటూ బిగించుకుంటూ వచ్చింది.

దాడులు, జప్తుల వార్తలు చూస్తే ఒక పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దొంగచాటు మైనింగ్ ఎక్కడ పుట్టినా అక్కడ కరెంటు ఉచితంగానో, దాదాపు ఉచితంగానో దొరుకుతోంది.

ఇరాన్ 2019లో మైనింగ్‌ను పరిశ్రమగా గుర్తించి లైసెన్సులిచ్చింది. లైసెన్సు తీసుకున్నవాళ్లకు రేటు ఎక్కువ. తీసుకోకుండా ఇంటి కనెక్షన్ మీదో, మసీదుకిచ్చే రాయితీ కరెంటు మీదో నడిపితే ఖర్చు నామమాత్రం. ఎవరు లైసెన్సు తీసుకుంటారు? 2021 మేలో నగరాలు కోతలతో అల్లాడినప్పుడు అధ్యక్షుడు రౌహానీ నాలుగు నెలల నిషేధం ప్రకటిస్తూ, దేశంలో జరిగే మైనింగ్‌లో 85 శాతం లైసెన్సు లేనిదేనన్నారు. ఆ నిషేధం ముగిశాక చలికాలంలో మళ్లీ నిషేధం పెట్టాల్సి వచ్చింది. దొంగ యంత్రాల ఆచూకీ చెప్పినవాళ్లకు విద్యుత్ సంస్థ బహుమానాలు కూడా ప్రకటించింది. ఇంత చేసినా ఇరాన్‌లో వేసవి వచ్చిందంటే ఇదే చర్చ మొదలవుతుంది.

కొసావో 2022 జనవరి 4న నిషేధం పెట్టింది. దేశంలో అప్పటికే విద్యుత్ అత్యవసర పరిస్థితి. ఉత్తరాన సెర్బులు ఎక్కువగా ఉండే నాలుగు మునిసిపాలిటీల్లో యుద్ధకాలం నుంచి అప్పటిదాకా జనం కరెంటు బిల్లులు కట్టలేదు. మైనింగ్ ఊడలు దిగింది ముఖ్యంగా అక్కడే. నిషేధం వచ్చిన వారంలోనే లెపోసావిచ్ ప్రాంతంలో పోలీసులు 272 యంత్రాలు పట్టుకున్నారు. చాలామంది భయపడి తమ యంత్రాలను అమ్మకానికి పెట్టారు. చిన్న దేశం, తెలిసిన ఊళ్లు, కరెంటు కొరతను కళ్లారా చూస్తున్న జనం. ఇవన్నీ కలిసొచ్చి నిషేధం కొంతవరకు కాలూనింది.

జార్జియాలోని స్వానేతి కొండ ప్రాంతంలో జరిగింది ఇంకా విచిత్రం. అక్కడి వాసులకు కరెంటు ఉచితం. కొండల్లో బతుకు కష్టం కనుక ఇచ్చిన రాయితీ అది. కొందరు ఇళ్లలో యంత్రాలు పెట్టేసరికి మెస్తియా పట్టణం చలికాలమంతా కోతల పాలైంది. 2021 చివర్లో జనం వీధుల్లోకి వచ్చారు. చివరకు ఊరివాళ్లు చర్చిలో సెయింట్ జార్జ్ చిత్రపటం ముందు, ఇక మైనింగ్ చేయబోమని ప్రమాణాలు చేశారు. కాణిపాకం ప్రమాణాల మహిమ తెలిసిన తెలుగువాళ్లకు ఇది వింతగా అనిపించదు. చట్టం చేరలేని చోట ఊరి కట్టుబాటును నమ్ముకున్నారు.

కువైట్ ఉదాహరణ మన ఇళ్లకు మరింత దగ్గరిది. రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వేలాది కుటుంబాలు అక్కడి సంపాదన మీద ఆధారపడ్డాయి. గత రెండు మూడు వేసవుల్లో కువైట్‌లో వంతులవారీ కోతలు పడ్డ సంగతి ఆ ఇళ్లకు ఫోన్లలో తెలుస్తూనే ఉంది. ఇళ్లకు యూనిట్ ధర 2 ఫిల్స్. మన డబ్బుల్లో అర్ధరూపాయికి కాస్త అటూ ఇటూ. 2023లోనే అక్కడ మైనింగ్‌ను నిషేధించారు. ఆ ధర మాత్రం అలాగే ఉంది. 2025 వసంతంలో ప్రభుత్వం దాడులకు దిగితే, అల్ వఫ్రా ప్రాంతంలో వంద దాకా ఇళ్లు మైనింగ్ స్థావరాలుగా మారినట్టు బయటపడింది. కొన్ని ఇళ్లు మామూలు వాడకానికి ఇరవై రెట్లు లాగుతున్నాయి. దాడుల తర్వాత ఆ ప్రాంతంలో విద్యుత్ వాడకం 55 శాతం తగ్గిందని అధికారులు ప్రకటించారు. రెండేళ్లు కాగితం మీద ఉన్న నిషేధం చేయలేని పనిని మీటర్ల లెక్కలు పట్టుకుని వెళ్లిన తనిఖీ బృందాలు కొద్ది రోజుల్లో చేశాయి.

ఇక కరెంటు చోరీ. మలేసియాలోని మిరి పట్టణంలో 2021లో పోలీసులు 1,069 మైనింగ్ యంత్రాలను రోడ్డు రోలరు కింద తొక్కించారు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది. మలేసియాలో మైనింగ్ నేరం కాదు, కరెంటు దొంగతనమే నేరం. యంత్రాల యజమానులు 84 లక్షల రింగిట్ల కరెంటు కాజేశారన్నది అక్కడి కేసు. అంగోలా మరో దారి పట్టి 2024 ఏప్రిల్‌లో మైనింగ్‌నే నేరం చేసింది. జైలు శిక్షలు పెట్టింది. మరుసటి ఏడాది ఇంటర్‌పోల్ సాయంతో దాడి చేస్తే 25 కేంద్రాలు, వాటిని నడుపుతున్న 60 మంది చైనీయులు, 45 అక్రమ విద్యుత్ కేంద్రాలు బయటపడ్డాయి. జైలు భయం పెట్టాక కూడా అంత పెద్ద ఎత్తున నడిచిందంటే లాభం ఎంత ఉందో ఊహించుకోవచ్చు.

నిషేధాన్ని అధికారులే నీరుగారుస్తారన్నది మరో చేదు నిజం. వేలాది యంత్రాలున్న షెడ్డు దాగదు. ఫ్యాన్ల హోరు ఊరి చివరికి వినిపిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ లోడు సబ్‌స్టేషన్ రికార్డులో పడుతుంది, వేడి గోడల మీద తెలుస్తుంది. అది నడుస్తోందంటే ఎవరో చూసీ చూడనట్టు ఉన్నారనే అర్థం. చైనాలోని జియాంగ్షి ప్రావిన్స్ నాయకుడు షియావో యీ కేసు, 2021 నిషేధానికి ముందుదే అయినా, అధికారుల అండ ఎంత దూరం వెళ్తుందో చూపుతుంది. ఆయన ఫుజౌ నగర పార్టీ కార్యదర్శిగా ఉండగా ఒక మైనింగ్ కంపెనీకి నిధులు, రాయితీలు, కరెంటు సమకూర్చారు. 2017 నుంచి 2020 వరకు నగరం మొత్తం వాడిన విద్యుత్తులో ఆ కంపెనీదే పదో వంతు. దాన్ని కప్పిపుచ్చడానికి గణాంకాల నివేదికలు కూడా మార్పించారు. లంచాలు, అధికార దుర్వినియోగం కింద 2023 ఆగస్టులో ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. ఒకే పార్టీ పాలనలో, అంత గట్టి నిఘా ఉన్న దేశంలో ఇది జరిగింది.

వద్దన్న మాట అనకుండా వదిలించుకున్న ప్రభుత్వాల అనుభవం ఇంతకంటే ఆశాజనకంగా ఉంది. అమెరికాలోని ప్లాట్స్‌బర్గ్ పట్టణానికి సెయింట్ లారెన్స్ నది కరెంటు చౌకగా వస్తుంది. కోటా 104 మెగావాట్లు. మైనింగ్ వ్యాపారులు దిగాక 2018 చలికాలంలో కోటా దాటింది. బయట ఎక్కువ ధరకు కొన్న కరెంటు భారం ఇళ్ల బిల్లుల మీద వందేసి డాలర్లకు పైగా పడింది. పట్టణం ఆ మార్చిలో కొత్త మైనింగ్‌పై 18 నెలల విరామం విధించింది. ఈలోగా అదనపు ఖర్చు మైనింగ్ వాళ్లే భరించాలని నియమం మార్చింది. ఏడాది తిరక్కుండానే విరామం ఎత్తేసింది. బిల్లు సరిచేశాక నిషేధంతో పనిలేకపోయింది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2022 డిసెంబరులో కొత్త మైనింగ్ కనెక్షన్లను 18 నెలలు ఆపింది. అప్పటికి క్యూలో ఉన్న 21 ప్రాజెక్టులు అడిగిన విద్యుత్తు 1,403 మెగావాట్లు. కోనిఫెక్స్ అనే కలప కంపెనీ కోర్టుకెక్కి 2024లో ఓడిపోయింది. స్వీడన్ 2023 జులైలో డేటా కేంద్రాల విద్యుత్ పన్ను రాయితీని ఎత్తేసింది. చౌక కరెంటు కోసం ఉత్తరాన చేరిన మైనింగ్ వ్యాపారానికి అది చాలా గట్టి దెబ్బ. జైళ్లు లేవు, రోలర్లు లేవు.

న్యూయార్క్ రాష్ట్రం 2022 నవంబరులో రెండేళ్ల విరామం పెట్టింది. పేరు పెద్దది, పరిధి చిన్నది. బొగ్గు, గ్యాస్ కేంద్రాలను సొంతంగా నడుపుతూ మైనింగ్ చేసేవాళ్ల కొత్త అనుమతులకే అది వర్తించింది. సెనెకా సరస్సు ఒడ్డున స్థానికులు ఏళ్లుగా పోరాడుతున్న గ్రీనిడ్జ్ కేంద్రం నడుస్తూనే ఉంది. యూరప్ అంత దూరం కూడా వెళ్లలేదు. 2022 మార్చిలో యూరోపియన్ పార్లమెంట్ ఆర్థిక కమిటీ ముందుకు మైనింగ్ తరహా క్రిప్టోలను సాగనంపే ప్రతిపాదన వస్తే 32–24 ఓట్లతో వీగిపోయింది.

రష్యా మాత్రం పటం ముందేసుకుని గీతలు గీసింది. 2024 నవంబరు నుంచి మైనింగ్‌ను చట్టబద్ధం చేసింది. 2025 జనవరి 1 నుంచి కాకసస్ రిపబ్లిక్‌లు, తాను ఆక్రమించిన ఉక్రెయిన్ ప్రాంతాలు సహా పదిచోట్ల 2031 మార్చి దాకా నిషేధించింది. సైబీరియాలో చౌక నీటి కరెంటుకు పేరుపడ్డ ఇర్కుట్స్క్ దక్షిణ భాగంలోనూ ఆ ఏప్రిల్ నుంచి ఆపేసింది. నెలకు 6,000 యూనిట్ల లోపు వాడే సామాన్యుడిని నమోదు నుంచి మినహాయించింది. అంటే ఇంట్లో రెండు యంత్రాలు పెట్టుకున్నవాణ్ణి వెతకడం దండగ అని రష్యా వంటి ప్రభుత్వం కూడా ఒప్పుకుంది.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ మైనింగ్‌ను లెక్కపెట్టడమే కష్టమైంది. దేశ విద్యుత్ వాడకంలో మైనింగ్ వాటా 0.6 నుంచి 2.3 శాతం మధ్య ఉండొచ్చని 2024లో ఇంధన సమాచార సంస్థ అంచనా వేసింది. కచ్చితమైన లెక్క కోసం సర్వే మొదలుపెడితే టెక్సాస్ పరిశ్రమ వర్గాలు కోర్టుకు వెళ్లి ఆపించాయి. సేకరించిన సమాచారాన్ని ధ్వంసం చేయాల్సి వచ్చింది. అదే టెక్సాస్‌లో 2023 ఆగస్టు ఎండల్లో యంత్రాలు ఆపినందుకు రయట్ అనే కంపెనీకి 3.17 కోట్ల డాలర్ల విలువైన విద్యుత్ క్రెడిట్లు దక్కాయి. గిరాకీ ముదిరినప్పుడు వెంటనే ఆగే వినియోగదారు గ్రిడ్‌కు మేలేనన్న వాదనలో కొంత నిజముంది. కానీ ఆ మేలుకు అంత వెల కడుతున్న చోట నిషేధం మాట ఎత్తేవాడే ఉండడు.

ప్రపంచం మొత్తం మీద బిట్‌కాయిన్ మైనింగ్ ఏటా వాడే విద్యుత్తు సుమారు 13,800 కోట్ల యూనిట్లని 2025లో కేంబ్రిడ్జ్ అంచనా. అందులో గణనీయంగా కోత పెట్టిన చట్టం ఇంతవరకు ఏ దేశంలోనూ రాలేదు. మరో క్రిప్టో విషయంలో ఆ కోత జరిగింది, అదీ లోపలి నుంచి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ పద్ధతికి స్వస్తి చెప్పి, కాయిన్లు తాకట్టు పెట్టి హామీ ఉండే పద్ధతికి మారింది. దాని విద్యుత్ వాడకం 99.9 శాతానికి పైగా పడిపోయింది. బిట్‌కాయిన్ వాళ్లు ఆ దారికి ససేమిరా అంటున్నారు. మొనేరో లాంటివైతే మామూలు కంప్యూటర్ ప్రాసెసర్ మీదే మైనింగ్ జరిగేలా తయారయ్యాయి. ల్యాప్‌టాప్‌లో నడిచే ప్రోగ్రామును ఏ తనిఖీ బృందం పట్టుకోగలదు?

భారత్ సంగతికొస్తే, 2019లో మంత్రిత్వ శాఖల సంఘం తయారుచేసిన ముసాయిదా బిల్లు మైనింగ్‌ సహా క్రిప్టో వ్యవహారాలకు పదేళ్ల దాకా జైలు ప్రతిపాదించింది. అది చట్టం కాలేదు. బ్యాంకులు క్రిప్టో సంస్థలతో లావాదేవీలు జరపరాదన్న రిజర్వ్ బ్యాంక్ ఆదేశాన్ని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 నుంచి లాభాలపై 30 శాతం పన్ను ఉంది. మైనింగ్ యంత్రాల ఖర్చును ఆ లాభంలోంచి మినహాయించుకోనివ్వరు. అయినా ఇక్కడ మైనింగ్ పెద్దగా పెరగకపోవడానికి పన్ను కంటే కరెంటు ధరే ముఖ్య కారణం. వాణిజ్య కనెక్షన్ మీద యూనిట్‌కు తొమ్మిది రూపాయలు కడితే ఎస్19 యంత్రానికి రోజుకు కరెంటు ఖర్చే ఏడు వందలు దాటుతుంది. 2024లో బహుమతి సగానికి తగ్గాక ఆ యంత్రం అంత కూడా సంపాదించడం లేదు. పొరుగున భూటాన్‌లో ప్రభుత్వ సంస్థ డ్రుక్ హోల్డింగ్ స్వయంగా నీటి కరెంటుతో బిట్‌కాయిన్ మైనింగ్ చేస్తోంది. సరిహద్దుకు అటు లాభం, ఇటు నష్టం.

ఇన్ని అనుభవాలు చూశాక తీర్పు చెప్పడం కష్టం కాదు. పెద్ద మైనింగ్ షెడ్లను తన గడ్డ మీద నుంచి పంపేసే శక్తి ప్రభుత్వానికి ఉంది. విద్యుత్ సంస్థ మనసుపెడితే నెలల్లో జరిగే పని అది. ప్రపంచంలో మైనింగ్‌ను తగ్గించే శక్తి ఏ ఒక్క ప్రభుత్వానికీ లేదు. కరెంటును ఖరీదు కంటే తక్కువకు ఇస్తూ నిషేధం పెట్టిన చోట, ఆ నిషేధం పోలీసులకు పని, లైన్‌మన్‌కు లంచం తప్ప పెద్దగా ఏమీ తేలేదు.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ రైతుకు కరెంటు ఉచితం. వ్యవసాయ కనెక్షన్లలో చాలా వాటికి మీటర్లు లేవు. ఆ రాయితీ రైతు హక్కుగా నిలవాలి, మరొకరి యంత్రాలకు దారి మళ్లకూడదు. ఇరాన్, స్వానేతి, కువైట్ పడ్డ పాట్లు ఇక్కడ రాకముందే మైనింగ్‌కు రాయితీలేని ప్రత్యేక టారిఫ్ నిర్ణయించాలి, ట్రాన్స్‌ఫార్మర్ల స్థాయిలో లోడు లెక్కలు బయటపెట్టించాలి. రెండు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్లు టారిఫ్ ప్రతిపాదనలపై బహిరంగ విచారణలు జరుపుతాయి. అక్కడ పౌరులెవరైనా మాట్లాడవచ్చు. ఈసారి విచారణలో ఈ రెండు కోరికలూ ప్రజల తరఫున నమోదు కావాలి.